పౌరుష గ్రంథిలోని కత్తెరలు – పి.ఎస్.ఏ. అంకెకు అర్థమేమి?

యాభై ఏండ్లు దాటిన పురుషుడు మూత్ర సంబంధమైన ఏ బాధతో వైద్యుని వద్దకు వెళ్ళినను, నేడు తరచుగా వ్రాయబడుచున్న రక్తపరీక్షలలో పి.ఎస్.ఏ. ఒకటి. ఫలితము కాగితముపై ఒక చిన్న అంకెగా వచ్చును. దాని ప్రక్కన సాధారణ పరిమితి '0 – 4' అని అచ్చయి ఉండును. అంకె 4 దాటినచో ఇంటిల్లిపాదికిని నిద్ర కరవగును. దాటనిచో ఆ కాగితమును బీరువాలో పడవేసి అయిదారేండ్లవరకు దాని ఊసెత్తరు. ఈ రెండు పోకడలను మా వైద్యశాలలో నిత్యము చూచుచున్నాను. రెండింటివలనను నష్టమే. ఆ అంకె శరీరమునందలి ఏ వస్తువును కొలుచుచున్నదో, ఆ వస్తువు అచ్చట ఎందుకున్నదో తెలియకపోవుటయే ఇందుకు కారణము. అందుచేత ఈ వ్యాసమున చికిత్సకంటె ముందు ఆ వస్తువును గూర్చియే వివరముగా వ్రాయదలచితిని.

పి.ఎస్.ఏ. అనగా ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. ఈ పేరు విని చాలమంది దానిని ఏదో విషపదార్థమనియో, లోపలి పుండునుండి ఊరు చీమువంటిదనియో తలంతురు. అది పొరపాటు. ఆరోగ్యవంతుడైన ప్రతి పురుషుని పౌరుష గ్రంథియందును యౌవనమునుండియే అది సమృద్ధిగా తయారగుచుండును. అది మాంసకృత్తులను ఖండించు ఒక ఎంజైము. ఒక్క మాటలో చెప్పవలెనన్నచో అది ఒక కత్తెర. ఆ కత్తెరకు ఒక నియతమైన పని కలదు, ఆ పనికి ఒక సమయము కలదు, పని లేనప్పుడు దానిని మూసియుంచు ఒర కూడ కలదు.

పౌరుష గ్రంథి మూత్రాశయమునకు దిగువను, మూత్రమార్గమును చుట్టియుండును. యువకునియందు సుమారు 20 గ్రాముల బరువుతో పెద్ద ఉసిరికాయంత ఉండును. 'పౌరుష గ్రంథి' అను పేరు ప్రోస్టేటునకు ఆధునిక కాలమున కల్పించుకొన్నది. మన సంహితలయందు ఆ పేరుతో ప్రత్యేక వర్ణన లేదు. అయినను సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రమున మూత్రాఘాతములను పండ్రెండుగా చెప్పుచు, వాతాష్ఠీల అను దానిని వర్ణించినారు. మలమార్గమునకును వస్తికిని నడుమ రాతివలె గట్టిగా, ఉబ్బెత్తుగా ఏర్పడి మలమూత్రములను అడ్డగించునని దాని లక్షణము. వృద్ధులయందు పౌరుష గ్రంథి పెరిగినప్పుడు కలుగు బాధకు ఇది మిక్కిలి దగ్గరగానున్నది. రెండును ఒకటేయని పట్టుబట్టువారితో నేను వాదింపను. లక్షణములు కలియుచున్నవని మాత్రము చెప్పుదును.

మాంసకృత్తును కోయుట అనగా నేమి?

ముదురు మేకమాంసమును వండునపుడు పచ్చి బొప్పాయి ముక్క వేయుట మన ఇండ్లలో తెలిసిన సంగతియే. హైదరాబాదు వంటలవారు కబాబుల మాంసమునకు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి కొంతసేపు నానవేయుదురు. బొప్పాయి పాలలో పపెయిన్ అను ఎంజైము కలదు. అది మాంసమునందలి పొడవైన పోగులను ముక్కలు చేయును. మాంసము మెత్తబడును. ఎక్కువసేపు ఉంచినచో పిండియై పోవునని వంటవారికి తెలియును. కొంచెము పదార్థము, ఎంతో పని, పని జరిగిన పిదప కూడ తాను తరుగకుండుట – ఇవి ఎంజైము లక్షణములు.

మాంసకృత్తు ఏదైనను అమైనో ఆమ్లములనెడి పూసలు ఒకదానికొకటి ముడివడి ఏర్పడిన దండ. ఖండించు ఎంజైములు ఈ దండను ఎక్కడ పడితే అక్కడ తెంపవు. ప్రతి ఎంజైమునకును ఇష్టమైన పూస ఒకటి ఉండును. పి.ఎస్.ఏ.కు టైరోసీన్, ల్యూసీన్ వంటి పూసలు ఇష్టము. ఆ పూస తన గుంటలో సరిగా ఇమిడినప్పుడు దాని ప్రక్క ముడిని తెంపును.

తెంపు విధానము కూడ మిక్కిలి చమత్కారమైనది. పి.ఎస్.ఏ. తానే 237 పూసల దండ. అది చుట్టుకొని ఉండగా, సెరీన్, హిస్టిడీన్, ఆస్పార్టిక్ ఆమ్లము అను మూడు పూసలు దూరమునుండి వచ్చి ఒకచోట చేరును. ఆస్పార్టిక్ ఆమ్లము హిస్టిడీనును సరియైన దిక్కున నిలిపియుంచును. హిస్టిడీన్ సెరీననుండి ఒక ప్రోటానును లాగికొనును. అంతట సెరీన్ మీది ఆక్సిజన్ చురుకెక్కి ఎదుటి దండ ముడిపై పడును. ముడి తెగి ఒక ముక్క విడిపోవును. రెండవ ముక్క క్షణకాలము సెరీనును అంటుకొనియుండి, ఒక నీటి అణువు వచ్చి విడిపింపగా తానును వెడలిపోవును. ఎంజైము మరల మొదటివలెనే నిలుచును. క్లోమమునుండి పుట్టి మనము తిన్న పప్పును, పాలను జీర్ణింపజేయు కైమోట్రిప్సిన్ పనిచేయు తీరు ఇదియే. 1967లో కైమోట్రిప్సిన్ ఆకృతిని ఎక్స్ కిరణములతో చిత్రించినప్పుడు ఈ మూడింటి అమరిక వెల్లడియైనది. అన్నమును పచనము చేయు పనిముట్టు జాతికి చెందినదే జననేంద్రియ సమీపమునందును ఉండుట గమనింపదగిన సంగతి.

మా గురుకులమున పాఠము చెప్పునపుడు గురువుగారు అగ్నులు పదమూడు అని కంఠస్థము చేయించిరి – జఠరాగ్ని ఒకటి, భూతాగ్నులు అయిదు, ధాత్వగ్నులు ఏడు. పాకము కడుపులో మాత్రమే కాదు, ప్రతి ధాతువునందును జరుగుచుండునని దాని భావము. అగ్ని యనినను ఎంజైము అనినను ఒకటేయని నేను వ్రాయను. అట్లు వ్రాయుట రెండు శాస్త్రములకును అన్యాయము. కాని పాకము స్థానమును బట్టియు, కాలమును బట్టియు నియతముగా జరుగవలెననియు, అగ్ని తన స్థానము తప్పినచో వికారమనియు నేర్చుకొన్నవానికి ఈ క్రింది విషయము సులభముగా బోధపడును.

గడ్డకట్టుట, కరగుట

శుక్రము ఒక్కచోట పుట్టు ద్రవము కాదు. శుక్రకణములు వృషణములనుండి వచ్చును. ద్రవభాగమున అధికాంశము శుక్రకోశములనుండియు, సుమారు నాలుగవ వంతు పౌరుష గ్రంథినుండియు చేరును. ఇవన్నియు వేరు వేరు గదులలో ఉండి, స్ఖలన సమయముననే కలియును. కలిసిన వెంటనే, ఒక నిమిషము గడువకమునుపే, అది జిగురుగా గడ్డకట్టును. శుక్రకోశములనుండి వచ్చు సెమినోజెలిన్ అను మాంసకృత్తులు రెండు దీనికి కారణము. ఈ గడ్డ వలలో శుక్రకణములు చిక్కుకొని కదలలేక ఉండును. తరువాత సుమారు 15 మొదలు 30 నిమిషములలో గడ్డ కరగి ద్రవమగును. శుక్రకణములు ఈదుట ఆరంభించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్యపరీక్షా విధానమున ఇందుకు 60 నిమిషములవరకు గడువుగా పెట్టినది.

ఆ గడ్డను కరగించునదియే మన పి.ఎస్.ఏ. సెమినోజెలిన్ దండలను ముక్కలు ముక్కలుగా తెంపి వలను విప్పును. ఈ పనికి తగినంత ఎంజైము ఉండవలెను గనుక శుక్రమునందు పి.ఎస్.ఏ. మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము మొదలు 2 మిల్లీగ్రాములవరకు ఉండును. ఈ కొలతను పాఠకులు గుర్తుంచుకొందురుగాక; ముందు దీనితో పనియున్నది.

ఇచ్చట ఒక సందేహము కలుగవలెను. మాంసకృత్తును కోయు కత్తెర గ్రంథిలోపల దినముల తరబడి నిలువయుండగా, ఆ గ్రంథి కూడ మాంసకృత్తులతో కట్టబడినదే కదా, అది గ్రంథినే ఎందుకు కోసివేయదు? ప్రకృతి దీనికి ఒకటి కాదు, మూడు కట్టుదిట్టములు చేసినది.

మొదటిది, పి.ఎస్.ఏ. పుట్టునపుడు దాని తలమీద ఏడు పూసల మూత యుండును. మూత తీయనంతవరకు కత్తెర తెరచుకొనదు. ఆ మూతను కోయునవి అదే వంశమునకు చెందిన అన్నదమ్ములు. మనుష్యులయందు ఈ వంశమునకు కల్లిక్రీనులు అని పేరు. పదునైదు మంది సభ్యులు. అందరి జన్యువులును 19వ క్రోమోజోముమీద ఒకే వరుసలో ఇరుగుపొరుగున ఉన్నవి. పి.ఎస్.ఏ. వీరిలో మూడవది. రెండవది, అయిదవది, పదునాలుగవది మొదలైనవి పౌరుష గ్రంథియందు స్వల్ప పరిమాణమున ఉండి, ఒకదాని మూతను ఒకటి తీయుచు, కడకు పి.ఎస్.ఏ. మూతను తీయును. ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించు చందమున ఈ పని సాగును.

రెండవ కట్టుదిట్టము యశదము, అనగా జింకు. శరీరమునందలి మృదువైన అవయవములలో జింకు అత్యధికముగా నిలువయుండునది పౌరుష గ్రంథియందే. ఈ జింకు కల్లిక్రీనులను అంటుకొని వాటి పనిని ఆపియుంచును. ఒరలోని కత్తివలె అవి పదునుగానే యుండి కోయకయుండును. స్ఖలన సమయమున శుక్రకోశ ద్రవము వచ్చి కలిసినప్పుడు, సెమినోజెలిన్‌కు జింకుపై మిక్కిలి ఆకర్షణ యుండుటచే అది జింకును తనవైపు లాగికొనును. జింకును పట్టుకొన్న సెమినోజెలిన్ గడ్డకట్టును; జింకు విడిచిన కత్తెరలు తెరచుకొనును. అనగా గడ్డకట్టించు చర్యయే, తన్ను కరగించు శత్రువును కూడ మేలుకొలుపుచున్నది. ఇంత ముచ్చటైన ఏర్పాటు శరీరశాస్త్రమున అరుదుగా కానవచ్చును.

మూడవది గోడ. ఎంజైమును తయారుచేయు కణములు దానిని నాళములలోనికే వదలును గాని రక్తమువైపు వదలవు. నాళమునకును రక్తకేశనాళికలకును నడుమ కణముల పొరలు, ఒక సన్నని ఆధార పటలము అడ్డముగా నుండును.

గంట దాటినను వీర్యము కరగనిచో శుక్రకణములు కదలజాలవు, సంతానమునకు అది ఒక ఆటంకము కావచ్చును. సుశ్రుతాచార్యులు శారీరస్థానమున శుద్ధశుక్రమును స్ఫటికమువలె స్వచ్ఛము, ద్రవము, స్నిగ్ధము, మధురము, మధుగంధి అని వర్ణించి, కఫవాతములచే దుష్టమైనది గ్రంథిభూతము, అనగా గడ్డలు కట్టినది, అగునని చెప్పినారు. ఆ గడ్డలు కరగకపోవుటకు పౌరుష గ్రంథిలోని వాపు, అంటురోగము కారణమైన సందర్భములు కలవు. కావున సంతానము కలుగనివారు లేహ్యములు కొనుటకు ముందు వీర్యపరీక్షలో 'కరగు సమయము' అను గడిలో ఏమి వ్రాసియున్నదో చూచుకొనవలెను. భార్యకు మాత్రమే పరీక్షలు చేయించి సంవత్సరములు గడుపు కుటుంబములు మనలో ఇంకను ఉన్నవి గనుక ఈ మాట ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చినది.

రక్తములోనికి చేరిన కత్తెర

శుక్రమునందు పి.ఎస్.ఏ. మిల్లీగ్రాములలో ఉన్నదని చెప్పితిని. రక్తమునందు దానిని నానోగ్రాములలో కొలుతురు. నానోగ్రాము మిల్లీగ్రామునందు పదిలక్షలవ వంతు. ఆరోగ్యవంతునియందు గోడ ఎంత గట్టిగా ఉన్నదో దీనివలన తెలియుచున్నది. కాగితముమీద కనబడు 4 అను అంకె మిల్లీలీటరు రక్తమునకు 4 నానోగ్రాములు అని అర్థము. కావున ఈ పరీక్ష కొలుచునది ఎంజైము పుట్టుక కంటె గోడనుండి కారుటను అని గ్రహింపవలెను. కుండ నిండుగా ఉన్నంతమాత్రమున నేల తడియదు; పగులు వచ్చినప్పుడు తడియును.

పగులు ఎన్ని విధములుగా రావచ్చును? గ్రంథి వయస్సుతో పెరిగినచో కణములు అధికమై కారుట కొంత పెరుగును. గ్రంథికి వాపు, జ్వరము వచ్చినచో ఒక్కసారిగా పెరుగును. మూత్రనాళములో గొట్టము వేసినను, గ్రంథినుండి ముక్క తీసినను పెరుగును. స్ఖలనము జరిగిన పిదప ఒకటి రెండు దినములు కొంచెము పెరుగును. క్యాన్సరునందును పెరుగును. ఆశ్చర్యమేమనగా, క్యాన్సరు కణము ఒక్కొక్కటిగా చూచినచో ఆరోగ్యవంతమైన కణముకంటె ఎక్కువ పి.ఎస్.ఏ. తయారుచేయదు, పలుమారులు తక్కువే చేయును. అయినను అది పొరల వరుసను చెడగొట్టి, ఆధార పటలమును ఛేదించుటచే అంతయు రక్తమువైపు కారును. ఆ పటలమును ఛేదించుటకు క్యాన్సరు వాడుకొను పనిముట్లలో కూడ ఈ మాంసకృత్తు ఖండకములే కలవు. హెప్సిన్ అనునది అందులో ఒకటి. అగ్ని స్థానము తప్పుట యన్న మాట ఇచ్చట గుర్తునకు వచ్చును. క్యాన్సరు కణజాలమున జింకు నిలువ కూడ మిక్కిలి తగ్గిపోవును.

రక్తములో పడిన కత్తెర ఊరకుండునా? రక్తమునందు దాని కొరకు బోనులు సిద్ధముగా ఉన్నవి. ఆల్ఫా-1 యాంటికైమోట్రిప్సిన్ అనునది ఎలుకబోనువంటిది. దానికి ఒక ఎర యుండును. పి.ఎస్.ఏ. ఆ ఎరను కొరుకగానే బోను టక్కున మూసుకొని, కత్తెరను వదలకుండ పట్టుకొనును. ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అను మరియొకటి కత్తెరను నిలువునా మ్రింగి లోపల దాచివేయును. అట్లు దాగినది సాధారణ పరీక్షకు చిక్కదు. మూత సరిగా తీయబడనిది, మధ్యలో తెగి పనికిరాకుండ పోయినది మాత్రము బోనులో పడక స్వేచ్ఛగా తిరుగుచుండును. దానినే 'ఫ్రీ పి.ఎస్.ఏ.' అందురు.

ఈ భేదము వైద్యునకు ఉపయోగపడుచున్నది. సాధారణ వృద్ధియందు పి.ఎస్.ఏ. గ్రంథిలో చాలకాలము నిలిచి తెగిపోయి, స్వేచ్ఛాభాగము ఎక్కువగా కనబడును. క్యాన్సరునందు పనిచేయగల ఎంజైము నేరుగా రక్తములో పడి బోనులలో చిక్కును, స్వేచ్ఛాభాగము తగ్గును. మొత్తము అంకె 4 కును 10 కిని నడుమ ఉన్నప్పుడు, స్వేచ్ఛాభాగము 25 శాతమునకు మించినచో క్యాన్సరు సంభావ్యత తక్కువ, 10 శాతమునకు లోపు ఉన్నచో ఎక్కువ అని సాధారణముగా లెక్కింతురు. ఇది తీర్పు కాదు. ముక్క తీసి చూడవలెనా అని నిర్ణయించుటకు ఒక ఆధారము మాత్రమే.

పేరులో 'ప్రోస్టేట్ స్పెసిఫిక్' అని ఉన్నను ఇది పౌరుష గ్రంథికే పరిమితము కాదు. స్త్రీల స్తన్యమునందును, మూత్రమార్గ సమీపమునందలి చిన్న గ్రంథులయందును స్వల్పముగా కనుగొనబడినది. అట్లే అది క్యాన్సరుకే ప్రత్యేకము అంతకంటెను కాదు.

దాని చరిత్రను కొంచెము చెప్పుదును. 1938లో అమెరికాలో గట్మన్ దంపతులు, ఎముకలకు ప్రాకిన పౌరుష గ్రంథి క్యాన్సరునందు ఆసిడ్ ఫాస్ఫటేజ్ అను వేరొక ఎంజైము రక్తమున పెరుగునని చూపిరి. 1941లో చార్లెస్ హగ్గిన్స్ ఈ క్యాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడియున్నదని నిరూపించెను. అందుకు 1966లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. పి.ఎస్.ఏ.ను 1979లో అమెరికాలోని రాస్‌వెల్ పార్క్ సంస్థలో శుద్ధిచేసి వేరుపరచిరి. 1986లో అమెరికా ప్రభుత్వము దీనిని చికిత్స పొందినవారిని గమనించుటకును, 1994లో వ్రేలి పరీక్షతో కలిపి వ్యాధిని గుర్తించుటకును అనుమతించినది. పురుష హార్మోను ఆజ్ఞ లేనిదే పి.ఎస్.ఏ. జన్యువు పనిచేయదు. ఈ సంగతి వలననే తరువాత చెప్పబోవు చిక్కు వచ్చుచున్నది.

అంకెను చదువుట

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వయస్సు అరువది రెండు. చలిజ్వరము, మూత్రమున మంట. జ్వరము వచ్చిన మూడవ దినముననే రక్తపరీక్ష చేయించినారు. అంకె 14. కాగితము చేతిలో పెట్టి "శాస్త్రిగారూ, దాపరికం లేకుండా చెప్పండి, నాకింక ఎన్నాళ్లుంది?" అని అడిగినారు. "మాష్టారూ, ముందు ఆ మంట తగ్గనివ్వండి. మూత్ర వ్యాధుల డాక్టరుగారి మందు పూర్తిగా వాడండి. రెండు నెలలయ్యాక మళ్లీ రక్తం ఇద్దురుగాని" అంటిని. రెండు మాసముల పిదప అంకె 2.8. వాపు తగ్గిన తరువాత కూడ గోడ బిగియుటకు ఆరు, ఎనిమిది వారములు పట్టును. రక్తములో పడిన పి.ఎస్.ఏ. సగమగుటకే రెండు మూడు దినములు కావలెను. జ్వరములో తీసిన అంకెతో ఏ నిర్ణయమును చేయరాదు.

రెండవది ఇంతకు విపరీతము, ఇంతకంటె ప్రమాదకరము. అరువది ఎనిమిదేండ్ల వర్తకుడు ఒకరు గ్రంథి వృద్ధికి మూడేండ్లుగా ఫినాస్టెరైడ్ మాత్రలు వాడుచుండిరి. ఏటేటా పరీక్ష: 1.6, తరువాత 2.4, తరువాత 3.5. "నాలుగు దాటలేదు కదండీ శాస్త్రిగారూ, మీ గోక్షురాది ఇస్తే చాలు" అనిరి. "శెట్టిగారూ, అంకె నాలుగు లోపే ఉంది, కానీ పైకి ఎక్కుతోంది. ఈ మాత్రతో అది దిగాలి, ఎక్కకూడదు" అని చెప్పి, పట్టుబట్టి పంపించితిని. ముక్క తీసి చూడగా క్యాన్సరు. గ్రంథి దాటలేదు గనుక చికిత్స సాధ్యమైనది.

ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ అను మందులు పురుష హార్మోను చురుకైన రూపమును తగ్గించి గ్రంథిని కుదించును. దానితోపాటు పి.ఎస్.ఏ. ఆరు మాసములనుండి సంవత్సరములోపల దాదాపు సగమునకు దిగును. కావున ఈ మందులు వాడువారి అంకెను రెట్టింపు చేసి చదువుట వాడుక. వర్తకుని 3.5 నిజమునకు 7 అన్నమాట. అంతకంటె ముఖ్యము, మందు వాడుచుండగా క్రింది స్థాయినుండి అంకె పైకి లేచినచో అది ఎంత చిన్నదైనను వైద్యునకు చూపవలెను. జుట్టు రాలకుండుటకు తక్కువ మోతాదులో ఫినాస్టెరైడ్ వాడువారును ఈ సంగతి చెప్పవలెను. ఆ మాత్రను మందుగా లెక్కింపక దాచువారు చాలమంది.

4 అను గీత దైవము గీచినది కాదు. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనమున, అంకె 4 గాని అంతకు తక్కువ గాని ఉన్న పురుషులకు గ్రంథినుండి ముక్కలు తీసి చూడగా సుమారు 15 శాతము మందియందు క్యాన్సరు కనబడినది. అందులో చాలవరకు మెల్లగా పెరుగునవి, మనిషికి ఆయుర్దాయమున హాని చేయనివి. అందువలననే దీనిని అందరికి చేయవలెనా వద్దా అని వైద్యులలోనే వాదము కలదు. ఎనుబది ఏండ్ల వృద్ధునకు, బాధ ఏమియు లేకున్నను, పిల్లలు ప్యాకేజీ పరీక్షలలో చేర్చి దీనిని చేయించుట నాకు నచ్చదు. తండ్రికిగాని అన్నదమ్ములకుగాని ఈ క్యాన్సరు వచ్చినవారు మాత్రము నలుబది అయిదు దాటినది మొదలు వైద్యునితో ఈ విషయము మాటాడుట మంచిది.

జింకు మాత్రలు, బొప్పాయి మాత్రలు

గ్రంథియందు జింకు అధికమని చదివిన వెంటనే కొందరు జింకు మాత్రలు కొనుటకు బయలుదేరుదురని నాకు తెలియును. జింకు లోపించిన దేహమున పురుషత్వము వికసింపదను మాట నిజమే. బీహారులో జన్మించిన ఆనంద ప్రసాద్ అను వైద్యుడు 1960వ దశకపు ఆరంభమున ఇరాన్, ఈజిప్టు దేశములలో, పెరుగుదల నిలిచిన యువకులయందు దీనిని గుర్తించెను. కాని లోపమును తీర్చుట వేరు, కుప్పపోయుట వేరు. 2003లో అమెరికాలో ప్రచురితమైన పరిశీలనలో, దినమునకు 100 మిల్లీగ్రాములకు మించి జింకు మాత్రలు వాడినవారియందు ముదిరిన పౌరుష గ్రంథి క్యాన్సరు రెట్టింపునకు పైగా కనబడినది. దినమునకు గుప్పెడు వేయించిన గుమ్మడి గింజలు, నువ్వులు, సెనగలు తినుటలో ఏ దోషమును లేదు. యశద భస్మమును పుస్తకము చూచి స్వయముగా వాడరాదు.

'ఎంజైము మాత్రలు గడ్డలను కరగించును' అను ప్రకటనలు చూచి బొప్పాయి, అనాస సారముల మాత్రలను కొనువారును కలరు. పపెయిన్ తానును ఒక మాంసకృత్తే. కడుపులో పడినది చాలవరకు పప్పువలెనే జీర్ణమగును. ఏ కొంచెమో రక్తములో చేరినను పైన చెప్పిన బోనులు దానికొరకు కూడ కాచుకొనియున్నవి. అది పౌరుష గ్రంథిని వెదకికొని వెళ్ళి అచ్చటి గడ్డను కోయునని నమ్ముటకు ఆధారము లేదు. బొప్పాయి పండును మలబద్ధకమునకు తినుడు; గ్రంథిపెరుగుదలగల వృద్ధునకు మలబద్ధకము లేకుండుటయే గొప్ప మేలు, ముక్కినకొలది మూత్రము బిగియును.

మూత్రము సన్నగిల్లి, రాత్రి మూడు నాలుగు మారులు లేవవలసి వచ్చు వాతాష్ఠీల లక్షణములకు పల్లేరు కాయల కషాయము, ఉలిమిరి పట్ట, గోక్షురాది గుగ్గులు, చంద్రప్రభావటి మా పరంపరలో వాడుచున్నాము. కొందరియందు ఉపశమనము కనబడుచున్నది. ఇవి పి.ఎస్.ఏ. అంకెను దించుననిగాని, క్యాన్సరును కరగించుననిగాని నేను చెప్పను. అట్లు చెప్పువారివద్ద కాలము పోగొట్టుకొనరాదు. మూత్రము పూర్తిగా బిగిసినను, రక్తము కలిసినను, నడుముననో తుంటిలోనో రాత్రివేళ తగ్గని ఎముక నొప్పి ఉన్నను కషాయము కాచుచు కూర్చుండక ఆసుపత్రికి పోవలెను.

పరీక్షకు వెళ్ళువారు రెండు దినములు ముందుగా సంయోగమును, సైకిలు సవారీని మానవలెను. జ్వరము, మంట ఉన్నచో వాయిదా వేయవలెను. వాడుచున్న మాత్రల పేర్లు, ఆయుర్వేద మందులతో సహా, ఒక చీటీపై వ్రాసికొని వెళ్ళవలెను. ప్రతిసారియు ఒకే పరీక్షాశాలలో చేయించుట మేలు, ఏలనన యంత్రమును బట్టి అంకె కొంత మారును. పాత కాగితములను పారవేయక, తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచి వైద్యునకు అన్నింటిని కలిపి చూపవలెను.